ముందు బ్రేకును వదులు చేయించవద్దు



సాయంకాలము మీ ఊరి రచ్చకట్ట దగ్గర నిలిపియున్న మోపెడ్లను, చిన్న మోటారు సైకిళ్లను ఒకసారి పరిశీలించి చూడండి. బండివారిని అడిగి ఒక్కొక్కదాని ముందు బ్రేకు పిడిని నొక్కండి. కొన్నింటిలో పిడి చేతికడ్డీని తాకువరకు వచ్చును గాని చక్రము మాత్రము నిలువదు. కొన్నింట తీగ తెగి ఎన్నాళ్లయినదో చెప్పగలవారుండరు. మరికొన్నింట తీగయే కనబడదు. ఇదంతయు అశ్రద్ధ వలన జరిగినదని అనుకొనుటకు వీలులేదు. "ముందర బ్రేకు పట్టితే బొక్కబోర్ల పడతావప్పా, లూజు చేయించుకో" అని తెలిసినవారెవరో చెప్పగా, మనమే డబ్బిచ్చి వదులు చేయించుకొన్న బండ్లు వీనిలో చాల ఉన్నవి.

ఆ సలహా తప్పని చెప్పుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను. ముందు బ్రేకు లేని బండి సగము బ్రేకుతో తిరుగు బండి కాదు, సగముకంటె తక్కువ బ్రేకుతో తిరుగు బండి. పైగా మన రాయదుర్గము ప్రాంతపు నేల ఆ మిగిలిన బ్రేకును, దానిని నేలకు అంటిపెట్టుకొని యుండు టైరును త్వరగా తినివేయును. బ్రేకు మెకానిక్కు పని, టైరు పంక్చరు అంగడి పని అని మనము వదలివేయుచున్నాము. నా అభిప్రాయములో ఈ రెండును బండి నడుపు రైతు పనులే.

1980వ సంవత్సరములో హోసూరు కర్మాగారము నుండి టి.వి.యస్. 50 అను, ఇద్దరు ఎక్కదగిన మోపెడు వెలువడినది. దాని తరువాతివియైన ఎక్సెల్ బండ్లు నేడు మన పల్లెలలో దూడల కొట్టము పక్కన కట్టివేసిన పశువువలె నిలిచియుండుట చూచుచున్నాము. పాలక్యానులు, మందుకొట్టు పంపు, గడ్డిమోపు, డ్రిప్పు పైపుచుట్ట, ఎరువు బస్తా, బడిపిల్లలు, అన్నియు దానిమీదనే. వీనిని ఎవరును కొండదారుల బండ్లని చెప్పి అమ్మలేదు. టైరు చూచితిమా, 2.50–16 కొలత, అనగా రెండున్నర అంగుళముల వెడల్పు. అయినను మన దగ్గర అవి తారురోడ్డుపై కంటె గట్లమీద, వంకలలో, బీళ్లలో నడుచుటయే ఎక్కువ.

ఆ దారులు ఎట్టివో ఒకసారి తలచుకొనుడు. గుమ్మగట్ట వైపు ఎర్రని గరుసునేల. దానిమీద చిన్న గులకరాళ్లు గోలీలవలె దొర్లును. కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు నల్లరేగడి. నాలుగు చినుకులు పడిన చాలు, మట్టి టైరుకు మడ్గార్డుకు నడుమ పట్టుకొని చక్రమునే తిరుగనీయదు. అక్కడనే వేదవతి ఒడ్డున, మనము హగరి అని పిలుచు ఏటి వెంబడి, గాలికి లేచి మేటలువేయు ఇసుకదిబ్బలున్నవి. జూను, జూలై నెలల నైరుతిగాలి ఆ ఇసుకను ఎక్కడెక్కడికి తెచ్చునో ఆ ఊళ్లవారికి చెప్పనక్కరలేదు. ఇవిగాక తుంగభద్ర ఎగువ కాలువ గట్టుదారులు. ఒక పక్క నీరు, ఒక పక్క పల్లము, మలుపు తిరుగగానే ఎదుట గొర్రెలమంద. ఇటువంటి చోట ఒక్క బ్రేకును నమ్ముకొని పోవుట సాహసము.

ఇక బోర్ల పడుట మాట. ఎద్దుల బండి తోలినవారికి దీనిని బోధపరచుట సులభము. బరువుబండి పల్లమునకు దిగునప్పుడు కాడి ఎద్దుల మెడలపై ఎట్లు ఒరగునో మీకు తెలియును. బండిలోని బరువు ముందుకు వచ్చి పడును. మోటారు బండి బ్రేకు పట్టినప్పుడు జరుగునదియు అదియే. నడచు బండిని ఆపబోవగానే బరువు ముందు చక్రము మీదికి ఒరగును. ముందు చక్రము నేలను గట్టిగా అదుముకొనును. వెనుక చక్రము తేలికపడును. తేలికయైన చక్రమును బిగించినచో అది ఆగునా? తిరుగుట మాని జారును. గరుసుమీద వెనుక టైరు గీసిన పొడుగాటి చారలను మీరు చూచియుందురు. ఆ చార పొడవున బండి ఆగక పోయినదని దాని అర్థము.

మరి పడినవారు ఎందుకు పడుచున్నారు? భయము పుట్టినప్పుడు పిడిని ఒక్కసారిగా గుంజి పట్టుట వలన. లేదా హ్యాండిలు తిరిగియున్నప్పుడు, ఇసుకలో ఉన్నప్పుడు పట్టుట వలన. తప్పు చేతిది, బ్రేకుది కాదు. పాలు పితుకునప్పుడు చనును గుంజము గదా, వ్రేళ్లతో మెల్లగా అదుముదుము. ముందు బ్రేకును రెండు వ్రేళ్లతో అట్లే అదుమవలెను. హ్యాండిలు తిన్నగా ఉండవలెను. వెనుక బ్రేకు కూడ దానితోపాటే పడవలెను. మలుపు రాకముందే వేగము తగ్గించుకొనవలెను గాని మలుపులో కాదు. వదులు ఇసుకలోను, బురదలోను మాత్రము వెనుక బ్రేకునే ఎక్కువగా వాడి ముందుదానిని తాకీ తాకనట్లు వాడవలెను. అసలు అక్కడికి రాకమునుపే నెమ్మదించుట మేలు. వేగము రెట్టింపైనచో ఆగుటకు పట్టు దూరము రెట్టింపు కాదు, నాలుగింతలగును.

ఇది వ్రాయుచున్న నేనును ఒకప్పుడు ముందు బ్రేకును వదులు చేయించుకొన్నవాడనే. అది బుద్ధిమంతుని పని అని రెండేండ్లు అనుకొంటిని. ఒక సాయంకాలము వంకలోనికి దిగు ఏటవాలులో ఒక మేకపిల్ల అడ్డము వచ్చినది. వెనుక బ్రేకు తొక్కితిని. బండి పక్కకు తిరిగి జారినది. మేకపిల్ల తప్పుకొన్నది గాని నేను తప్పుకొనలేదు. మోచేతి చర్మము పోవుటతో సరిపోయినది. వెనుక మందుపంపు ఉన్నది, మనిషి లేడు. అది నా అదృష్టము.

ప్రభుత్వము కూడ ఈ విషయమును గమనించియే, 2019 ఏప్రిల్ 1 నుండి అమ్ము 125 సి.సి. లోపు కొత్త ద్విచక్రవాహనములకు రెండు చక్రముల బ్రేకులను కలిపిన ఏర్పాటునుగాని, చక్రము బిగుసుకొనకుండ కాపాడు ఏర్పాటునుగాని తప్పనిసరి చేసినది. మన చిన్నబండ్లకు వచ్చుచున్నది సాధారణముగా మొదటి రకము. వెనుక బ్రేకు పట్టిన ముందు చక్రమునకును కొంత పట్టు చేరును. కొత్తబండి కొని ఆ కలిపిన తీగను వదులు చేయించుట, రెండు ఎద్దులను కొని ఒకదానిని కాడి కట్టక వదలుట వంటిది. ఇటువంటి బండ్లలో తీగను సరిచేయు క్రమము కొంచెము వేరుగా నుండును. బండితో ఇచ్చిన పుస్తకము చూచికాని, తెలిసినవారిచేత కాని చేయించుకొనవలెను.

బ్రేకునుగూర్చి మాట్లాడునప్పుడు బరువునుగూర్చి చెప్పక తప్పదు. ఎక్సెల్ 100 బండి మోయదగిన బరువు 130 కిలోలు. ఇందులో నడుపువాని బరువు కూడ చేరియున్నది. దీనిని చాలమంది మరతురు. 2018 నుండి యూరియా బస్తా 45 కిలోలు. రెండు బస్తాలు 90. నడుపు మనిషి 60 కిలోలైనను మొత్తము 150 అయినది. ఒక బస్తాతో పోయినచో 105, ఇబ్బంది లేదు. రెండు మారులు తిరుగుటకు పెట్రోలు దండుగ అని మీరు అనవచ్చును. నిజమే, దండుగయే. కాని బస్తాలను వెనుక ఇరుసు దాటి కట్టినప్పుడు ముందు చక్రము తేలిపోవును. అప్పుడు ముందు బ్రేకు ఎంత బాగున్నను పట్టుటకు నేల దొరకదు, హ్యాండిలు మాట వినదు. ఉన్న ఒక్క బస్తాను పాదములు పెట్టుచోట ముందర పెట్టుకొనుట, వెనుక కట్టుటకంటె చాల నయము. అయితే అది హ్యాండిలును, కాళ్లను అడ్డగింపరాదు.

మరియొక అలవాటు ఉన్నది. పల్లము వచ్చినప్పుడు పెట్రోలు మిగులునని ఇంజను ఆపి దొర్లించుట. గేర్ల బండిలో గేరు వేసియున్నచో ఇంజను కొంత పట్టి ఆపును. ఎక్సెలువంటి ఒంటిగేరు బండ్లలో వేగము తగ్గగానే క్లచ్చి దానంతట అదే వదలివేయును గనుక ఇంజను పట్టు దాదాపు ఉండనే ఉండదు. అట్టి బండికి పల్లములో బ్రేకు తప్ప వేరు దిక్కు లేదు.

ఇప్పుడు బ్రేకు సంగతి చూతము. మన బండ్లలో చాలవాటికి ఉన్నవి డ్రమ్ము బ్రేకులు. చక్రము నడుమనున్న గిన్నెలో అర్ధచంద్రాకారపు షూలు రెండుండి, తీగ లాగినప్పుడు విచ్చుకొని గిన్నె లోపలి అంచును ఒరయును. గిన్నె మూసియున్నది గదా, దుమ్ము ఎట్లు పోవునని అడుగవచ్చును. గాలి చొరబడు సందున మన ఇసుక చొరబడక మానదు. లోపల చేరిన ఇసుక షూలను, గిన్నెను కూడ ఆకురాయివలె అరగదీయును. బ్రేకు పట్టినప్పుడు గరగర శబ్దము వచ్చుట దాని గుర్తు. ఆ శబ్దము వినబడగానే చక్రము విప్పించి తడిగుడ్డతో తుడిపించవలెను. నోటితో ఊదుట, గాలిపంపుతో కొట్టుట కూడదు. ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి. బండి ఇరుసుకు కందెన వేయవలెనని మనకు చిన్ననాటినుండి నేర్పినారు. శబ్దము చేయు ఇనుమును చూడగానే మన చేయి నూనెడబ్బా వైపు పోవును. బ్రేకు విషయములో ఈ మంచి అలవాటే చెరుపు చేయును. షూలపై చుక్క నూనె పడినను అది పీల్చుకొనును, బ్రేకు జారిపోవును, అట్టి షూను తుడిచి మరల వాడుట దండుగ. నూనె వేయవలసినది పిడి కీలునకు, తీగ గొట్టములోనికి. షూలను విచ్చదీయు కడ్డీకి మాత్రము మెకానిక్కుచేత వేలితో రాచినంత గ్రీజు పెట్టించవలెను.

వంక దాటినప్పుడు గిన్నెలోనికి నీరు పోవును. తడిసిన బ్రేకు మొదటి రెండు మూడు పట్లకు పనిచేయదు. కాబట్టి గట్టెక్కగానే, నెమ్మదిగా పోవుచు, రెండు బ్రేకులను తేలికగా పట్టియుంచి కొంతదూరము నడపవలెను. ఆ వేడికి అవి ఆరును. ఇది నిమిషము పని. గుమ్మగట్ట మండలములో భైరవానితిప్ప చెరువు కింది తడిదారులలో తిరుగువారికి ఈ సంగతి తెలిసియే ఉండును.

బ్రేకు బిగువు చూచుకొనుటకు ఒక స్పానరుండిన చాలు. కొన్నింటికి అదియు అక్కరలేదు, చేతితో తిరుగు నట్టు ఉండును. బండిని నడుమ స్టాండుపై నిలిపి, చక్రమును చేతితో త్రిప్పుచు, షూ తాకి రాచుకొను శబ్దము వచ్చువరకు నట్టును బిగింపుడు. తరువాత చక్రము నిరాటంకముగా తిరుగువరకు సగము సగము చుట్టు వదలుడు. పిడి చివర సుమారు ఒక వేలి మందము ఆట ఉండవలెను. ఆట లేకున్నచో బ్రేకు ఎల్లప్పుడు రాచుకొని గిన్నె వేడెక్కును, పెట్రోలు వృథాయగును. ముందు చక్రమునకును ఇట్లే చేయవలెనని మరల చెప్పుచున్నాను.

బిగించి బిగించి నట్టు తాడికొసకు వచ్చినది, లేదా గిన్నెపై అరుగుదల చూపు బాణపుగుర్తు గీతను చేరినది, అప్పుడు షూలు మార్చవలసినదే. బ్రేకు పట్టినప్పుడు గిన్నె మీది చిన్న చేయికిని, దానిని లాగు కడ్డీకిని నడుమ మూల లంబకోణము దాటినను అదియే సూచన. కొందరు మెకానిక్కులు ఆ చేయిని ఊడదీసి ఒక పన్ను జరిపి బిగించి "ఇంకో ఆరు నెలలు వచ్చును" అని పంపుదురు. ఇది బాకీ తీర్చక పత్రము తిరుగవ్రాయుట వంటిది. లోపల షూ లేదు. బయట చేయి మాత్రమే సరియైనట్లు కనబడును. ఒక్కొక్కప్పుడు లోని కడ్డీ అవతలికి తిరిగి చక్రము బిగుసుకొనిపోవును. షూల జత ధర ఆసుపత్రి గుమ్మము తొక్కు ఖర్చులో ఏపాటిదో మీరే లెక్కవేసికొనుడు.

టైరు సంగతికి వత్తము. గాలి నింపిన టైరును 1888లో పేటెంటు చేయించినవాడు బెల్ఫాస్టు నగరములోని జాన్ బాయిడ్ డన్లప్ అను పశువైద్యుడు. కొడుకు మూడుచక్రముల సైకిలు కుదుపు తగ్గించుటకు ఆయన చేసిన ప్రయత్నమది. మన డన్లప్ బండ్ల పేరు ఆయనదే. కుదుపు తగ్గించుటకు పుట్టిన దానిని మనము రాతివలె గట్టిపడునంత గాలికొట్టి వాడుచున్నాము. "గాలి గట్టిగా ఉంటే బరువు మోయును, ముల్లు దిగదు" అను నమ్మకము దీనికి కారణము. రెండవది పూర్తిగా తప్పు. మరీ బిగిసిన టైరు నడిమి పట్టీతో మాత్రమే నేలను తాకును, గులకరాళ్లపై ఎగిరెగిరి పడును, బ్రేకు పట్టినప్పుడు జారును. ఇసుకలో దిగబడకుండ గాలి తీసివేయువారును ఉన్నారు. ఇసుకలో అది పనిచేయును, నిజమే. కాని ఆ మెత్తని టైరుతోనే తారురోడ్డెక్కి, బస్తా వేసికొని పోయినచో ప్రక్కగోడలు నలిగి పగులును. అంతకంటె కీడు మరియొకటి. గాలి తక్కువైన టైరు, బ్రేకు గట్టిగా పట్టినప్పుడు రిమ్ముపై జరుగును. దానితో ట్యూబు జరిగి వాల్వు మొదలు చిరుగును. వాల్వు నిటారుగా కాక ఒకవైపు వాలియున్నచో మీ టైరు అప్పటికే జరిగినదని తెలిసికొనవలెను.

ఎంత గాలి ఉండవలెనో బండి పుస్తకములో ఉన్నది; కొన్ని బండ్లపై చీటీ అతికించియుందురు. వెనుక చక్రమునకు ఒంటరిగా పోవునప్పుడు ఒక లెక్క, బరువుతో పోవునప్పుడు అంతకెక్కువ. ఉదయము బండి నడపకముందు కొలువవలెను. ఎండలో నడచివచ్చిన టైరులో గాలి వేడెక్కి ఎక్కువ చూపును. బొటనవేలితో నొక్కి చూచుట కొలత కాదు. ఈ విషయములో నాదొక సూచన. ఊరికొక కాలిపంపు, ఒక గాలికొలత పరికరము రైతు సేవా కేంద్రములోగాని, పాలకేంద్రములోగాని ఉంచవలెను. పదిమంది వంతులు వేసికొన్నను పెద్ద ఖర్చు కాదు. దానికొరకు పట్నము పోవలసి వచ్చినంతకాలము గాలి సంగతి రేపటికే పడును.

మన ప్రాంతపు పంక్చర్లలో ఎక్కువ భాగము ముండ్ల వలననే. సర్కారు కంపను మనమే నరికి చేనికి కంచె వేయుదుము. లాగుకొనిపోవునప్పుడు దారిపొడవున రాలిన ముండ్లను ఏరము. ఆ కంప ముల్లు ఎండినకొద్ది గట్టిపడును. పైన విరిగి కొన మాత్రము టైరులో ఉండిపోవును. ట్యూబుకు అతుకు వేయించి, లేదా కొత్త ట్యూబు కొని వేసిన మరునాడే మరల గాలి దిగినదని అంగడివానిని తిట్టువారిని చూచితిని. తప్పు టైరులోనే ఉన్నది. అతుకు వేయించినప్పుడెల్ల టైరు లోపల గుడ్డతో చుట్టూ నెమ్మదిగా తడిమి చూడవలెను. గుడ్డ ఎక్కడ చిక్కుకొన్నదో అక్కడ ముల్లున్నది. ఒట్టి చేయి పెట్టవద్దు. వాల్వు మూత పోయినచో రెండు రూపాయల వస్తువని ఉపేక్షింపక పెట్టించవలెను, దానిలో దుమ్ము పడినప్పుడే గాలి మెల్లగా కారుట మొదలగును.

అరిగిన టైరును ఎంతవరకు వాడవచ్చును? చట్టము ప్రకారము ద్విచక్రవాహనపు టైరు గాడి లోతు 0.8 మిల్లీమీటరుకు తగ్గరాదు. గాళ్లలో అక్కడక్కడ చిన్న దిమ్మెలుండును. టైరు అరిగి వానితో సమమైనచో పని అయిపోయినట్లే. గరుసులో, రేగడిలో తిరుగువారు అంతవరకు కూడ ఆగరాదని నా అభిప్రాయము. కొందరు వెనుక టైరు అరిగినప్పుడు దానిని ముందుకు మార్చి కొత్తది వెనుక వేయింతురు. డబ్బు మిగిలినట్లు తోచును. కాని ఆపు పని ఎక్కువగా చేయునది, దారి పట్టించునది ముందు చక్రమే అయినప్పుడు దానికి పాతది తొడుగుట ఏమి న్యాయము?

చువ్వలను స్పానరుతో ఒక్కొక్కటిగా తట్టి చూడుడు. బిగువుగా ఉన్నది ఖంగుమనును, వదులైనది మొద్దుగా పలుకును. అట్టివి మూడు నాలుగు కనబడినచో చక్రము వంకరపోకముందే చూపించవలెను.

సోమవారము ఎద్దుల మెడపై కాడి పెట్టని ఆచారము మన వైపు చాల ఊళ్లలో ఉన్నది. ఆనాడు వాటిని కడిగి, గిట్టలు చూచి, లాడము ఊడినదేమో చూతుము. బండికి మాత్రము ఏడాదికొకమారు ఆయుధపూజనాడు కుంకుమ పెట్టి, చక్రము కింద నిమ్మకాయ తొక్కించి ఊరకుందుము. ఆ సోమవారములోనే బండికొక పావుగంట ఇచ్చిన చాలును: రెండు బ్రేకుల ఆట, రెండు టైర్ల గాలి, వాల్వులు, ముండ్లు. పిల్లలను దగ్గర కూర్చుండబెట్టుకొని చేయండి. రేపు ఆ బండి నడుపువారు వారే.

ముందు బ్రేకును చాలకాలము వాడనివారు దానిని బిగించుకొన్న వెంటనే దారిన పడవద్దు. అది ఎంత పట్టునో చేతికి ఇంకను తెలియదు. ఖాళీ బండితో, తలకు హెల్మెటుతో, గట్టిగా అలికి ఊడ్చిన కళ్లములో నడకవేగమున పోవుచు పదిసార్లు మెల్లగా పట్టి చూడండి. తరువాత కొంచెము వేగముతో, రెండు బ్రేకులు కలిపి. ఆ పిమ్మట గరుసుదారిలో. బస్తా ఎక్కించుట మరునాటి సంగతి.